ఇంట్లో ఉన్నవాటితోనే సూప్: ఏది ఎప్పుడు వేయాలన్నదే అసలు కిటుకు

ఫ్రిజ్ తెరిస్తే సగం క్యాబేజీ, కాస్త వడిలిన రెండు క్యారెట్లు, ఓ బంగాళాదుంప. బుట్టలో ఉల్లిపాయలు. డబ్బాలో గుప్పెడు పప్పు. ఈ మాత్రం ఉంటే నలుగురికి సరిపడా మంచి సూప్ అవుతుంది. రెసిపీ వెతుక్కోనక్కర్లేదు. వెతికితే మన దగ్గర లేని రెండు మూడు వస్తువులు అందులో కచ్చితంగా ఉంటాయి. వాటికోసం బజారుకు పరుగెత్తేలోగా ఇంట్లో ఉన్నవి పాడైపోతాయి.

ఉన్నవన్నీ తరిగి ఒకేసారి గిన్నెలో పడేసి నీళ్ళు పోస్తే ఒకటి ముద్దయ్యేసరికి ఇంకొకటి పలుకుగానే ఉంటుంది, నీళ్ళు చప్పగా మిగులుతాయి. అవే కూరగాయలను ఒక వరుసలో వేస్తూ వెళ్తే అదే గిన్నెలో చిక్కని, కమ్మని సూప్ తయారవుతుంది. ఈ వరుస ఒకసారి పట్టుబడిందంటే ఏ కూరగాయ దొరికినా తడుముకోనక్కర్లేదు. అందుకే కొలతలకన్నా వరుస గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

కొలతలు బొత్తిగా లేకుండా మొదలుపెట్టడం కష్టం కాబట్టి ఒక అంచనా ఇస్తాను. నలుగురికి లీటరు నీళ్ళు, 500 నుంచి 600 గ్రాముల కూరగాయలు, ఒక పెద్ద ఉల్లిపాయ, రెండు టేబుల్ స్పూన్ల నూనె లేదా వెన్న. పప్పు వేస్తే 100 గ్రాములు చాలు. దీనికి అటూ ఇటూ ఎంత జరిగినా సూప్ పాడవదు. పలచనైతే మరిగించి దగ్గర చేసుకోవచ్చు, చిక్కనైతే నీళ్ళు కలుపుకోవచ్చు.

1. ముందు ఏమున్నాయో చూసి, ఒకదాన్ని ఎంచుకోండి

ఉన్నవన్నీ బల్లమీద పెట్టండి. వాడిపోయిన క్యారెట్, మెత్తబడిన టమాటా, తలవాల్చిన ఆకుకూర సూప్‌కి పనికొస్తాయి. వాడిపోవడం అంటే లోపలి నీరు కొంత ఆవిరైపోవడమే, రుచి ఎక్కడికీ పోదు. బూజు పట్టినవి, చేతికి జిగటగా తగిలేవి, పుల్లని చెడు వాసన వచ్చేవి మాత్రం పారేయండి. మెత్తటి కూరగాయల్లో బూజు కంటికి కనిపించేదానికన్నా లోతుగా పాకుతుంది కాబట్టి ఆ ముక్క కోసేసి మిగతాది వాడడం మంచిది కాదు. బంగాళాదుంప మీద ఆకుపచ్చ మచ్చలు, మొలకలు ఉంటే ఆ భాగాన్ని లోతుగా చెక్కేయండి. దుంప చాలావరకు ఆకుపచ్చగా మారితే వాడొద్దు. అందులో పేరుకునే సొలనిన్ అనే విషపదార్థం ఉడికించినా పోదు.

ఇప్పుడు వాటిలో ఒకదాన్ని ప్రధానంగా ఎంచుకోండి. గుమ్మడికాయ సూప్, క్యాబేజీ సూప్, పప్పు సూప్... ఏదో ఒక పేరు పెట్టుకోవాలి. ఈ సంగతిని చాలామంది పట్టించుకోరు. ఎనిమిది రకాలు తలా కాస్త వేస్తే అన్ని సూప్‌లూ ఒకేలా ఉంటాయి. ప్రధానమైనది మొత్తంలో సగం ఉండాలి, మిగతా రెండు మూడు దానికి తోడుగా ఉండాలి. బీట్‌రూట్ వేస్తున్నారంటే అదే ప్రధానం అనుకోండి. చిన్న ముక్క వేసినా గిన్నె మొత్తాన్నీ తన రంగులోకి మార్చేస్తుంది.

2. ఉడికే సమయాన్ని బట్టి కుప్పలు పెట్టండి

ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలుగా తరిగి సన్నగా మరిగిస్తే దాదాపు ఇంత సమయం పడుతుంది. బీట్‌రూట్‌కి 25 నుంచి 30 నిమిషాలు. క్యారెట్, బంగాళాదుంపలకు 15. క్యాబేజీ, కాలీఫ్లవర్, బీన్స్‌కు 8 నుంచి 10. పచ్చి బఠాణీలకు 3 నుంచి 5. పాలకూర లాంటి ఆకులకు ఒకటి రెండు నిమిషాలు. ఎర్రపప్పు 20 నిమిషాల్లోపే మెత్తబడుతుంది, పెసరపప్పుకి ఇంకొంచెం ఎక్కువ. నానబెట్టిన శనగలకు గంట పైనే కావాలి, కాబట్టి వాటిని విడిగా ఉడికించుకోవడమే మేలు.

తరిగేటప్పుడే ఎక్కువసేపు పట్టేవి ఒక పళ్ళెంలో, మధ్యరకం ఇంకోదాంట్లో, చివర్లో వేసేవి మరోదాంట్లో పెట్టుకుంటే పొయ్యి దగ్గర కంగారుండదు. ఎత్తైన కొండ ప్రాంతాల్లో ఈ లెక్కలకు ఇంకొంత సమయం కలపాలి. సముద్రమట్టానికి 1500 మీటర్ల ఎత్తున నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి.

రాజ్మా విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఎర్ర రాజ్మా గింజల్లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. సగం ఉడికినవి తింటే తీవ్రమైన వాంతులు, విరేచనాలు అవుతాయి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట పాటు బాగా కుతకుత మరిగించాలి. ఆ తర్వాత మెత్తబడేదాకా ఉడకనివ్వొచ్చు. తక్కువ వేడి మీద గంటల తరబడి వండే స్లో కుక్కర్‌లో పచ్చి రాజ్మా నేరుగా వేయకూడదు. డబ్బాలో వచ్చేవి ఉడికించినవే కాబట్టి వాటితో ఈ భయం లేదు.

3. నూనెలో ఉల్లిపాయ: తొందరపడకూడని చోటు ఇదే

సూప్ రుచిలో సగం ఇక్కడే తయారవుతుంది. మందపాటి అడుగున్న గిన్నెలో నూనె గానీ వెన్న గానీ వేడిచేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, అర టీస్పూను ఉప్పు వేయండి. ఉప్పు ఉల్లిపాయలోని నీటిని బయటికి లాగుతుంది కాబట్టి మాడకుండా మెత్తబడుతుంది. మంట మధ్యస్థంకన్నా కాస్త తక్కువగా పెట్టండి.

ఇక చెవితో గమనించండి. మొదట చిటపటమని గట్టిగా శబ్దం వస్తుంది, అది నీరు ఆవిరయ్యే చప్పుడు. నాలుగైదు నిమిషాలకు ఆ చప్పుడు నెమ్మదిస్తుంది, ముక్కలు అద్దంలా మారతాయి, ఘాటు వాసన పోయి తియ్యటి వాసన మొదలవుతుంది. ఎనిమిది పది నిమిషాలకు చప్పుడు దాదాపు సన్నగిల్లి, అంచులు లేత బంగారు రంగులోకి తిరుగుతాయి. గరిటెతో ఒక ముక్కను గిన్నె అంచుకు నొక్కితే నలిగిపోవాలి. నీళ్ళు పోయడానికి అప్పటిదాకా ఆగండి.

నీళ్ళు పోశాక వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగినప్పుడు వచ్చే రుచి పుట్టాలంటే వేడి 140 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ వివరించిన చర్య ఇదే, మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి వందల రకాల కొత్త వాసనలను పుట్టిస్తాయి. నీళ్ళలో పడిన ఉల్లిపాయ గంటసేపు ఉడికినా ఆ రుచిని ఇవ్వదు. పుట్టగొడుగులు, కాలీఫ్లవర్, మాంసం ముక్కలు ఉంటే వాటినీ ఈ దశలోనే విడిగా ఎర్రగా వేయించి పక్కన పెట్టుకోండి. గిన్నె నిండా కుక్కితే వేగే బదులు తమ నీళ్ళలో తామే ఉడికిపోతాయి, అందుకే రెండు విడతలుగా వేయించాలి.

ఉల్లిపాయ లేదా? ఉల్లికాడల తెల్లభాగం, లీక్ అనే ఉల్లి జాతి కాడ, సెలరీ, క్యారెట్ తురుము, ఏదైనా పనికొస్తుంది. నూనెలో నిదానంగా మగ్గే సువాసన గల కూరగాయ ఒకటి ఉంటే చాలు.

4. వెల్లుల్లి, మసాలా దినుసులు

ఉల్లిపాయ సిద్ధమయ్యాకే వెల్లుల్లి, అల్లం, జీలకర్ర, మిరియాలు, మిరపపొడి వేయాలి. ఇవి అర నిమిషం, మహా అయితే నిమిషం వేగితే చాలు. చాలా మసాలాల సువాసన, మిరపలోని కారం నీటికన్నా నూనెలో తేలిగ్గా కరుగుతాయి కాబట్టి ఇక్కడ వేస్తే సూప్ అంతటా పరుచుకుంటాయి. వెల్లుల్లి ముదురు గోధుమరంగుకు తిరిగితే చేదెక్కుతుంది, ఆ చేదు చివరిదాకా పోదు. మాడిందనిపిస్తే గిన్నె కడిగి మళ్ళీ మొదలుపెట్టండి. ఒక ఉల్లిపాయ పోతుందేమో గానీ మొత్తం సూప్ మిగులుతుంది.

టమాటా పేస్టు ఉంటే ఇక్కడే ఒక స్పూను వేసి, ఎరుపు కాస్త ముదిరేదాకా వేయించండి. తర్వాత అరకప్పు నీళ్ళు పోసి, అడుగున అంటుకున్న గోధుమరంగు పొరను చెక్క గరిటెతో గీకి కలపండి. రుచి పేరుకున్నది ఆ పొరలోనే.

5. నీళ్ళా, స్టాకా?

మంచినీళ్ళు చాలు. పై పని ఓపిగ్గా చేసుకుంటే స్టాక్, అంటే కూరగాయలో ఎముకలో మరిగించి వడకట్టిన నీళ్ళు, లేని లోటు తెలియదు. ఇంట్లో దొరికే నీళ్ళను మాత్రం పారబోయకండి. శనగలు ఉడికించిన నీళ్ళు, ఎండు పుట్టగొడుగులు నానబెట్టి వడకట్టిన నీళ్ళు, బంగాళాదుంపలు ఉడికించిన నీళ్ళు సూప్‌కి చిక్కదనాన్ని ఇస్తాయి. అరగంట టైముంటే శుభ్రంగా కడిగిన క్యారెట్ తొక్కలు, పుట్టగొడుగుల కాడలు, కొత్తిమీర కాడలు, ఉల్లిపాయ చివర్లు నీళ్ళలో మరిగించి వడకట్టుకోండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ తునకలు అందులో వేయొద్దు. ఎక్కువసేపు మరిగితే గంధకపు వాసన వదులుతాయి.

కోడి ఎముకలు ఉంటే రెండు మూడు గంటలు సన్నని సెగ మీద ఉంచండి. ఎముకల చుట్టూ ఉండే కొల్లాజెన్ జెలటిన్‌గా మారి నీళ్ళకు చిక్కదనం ఇస్తుంది. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే జెల్లీలా గడ్డకట్టింది అంటే స్టాక్ బాగా దిగినట్టు. స్టాక్ క్యూబ్ వాడితే అందులో ఉప్పు దండిగా ఉంటుంది కాబట్టి మీరు వేసే ఉప్పు చివరిదాకా ఆపుకోండి.

ఉప్పు లెక్క ఒకటి గుర్తుంచుకుంటే చాలు. చాలామంది నోటికి సరిపోయే ఉప్పు మొత్తం బరువులో నూటికి ఒక వంతుకు కాస్త తక్కువ. లీటరు నీళ్ళు, అరకిలో కూరగాయలు ఉన్న గిన్నెకు 12 గ్రాముల చిల్లర, అంటే సన్న ఉప్పు రెండు టీస్పూన్లు. ఉల్లిపాయతో అర టీస్పూను వేశాం. నీళ్ళు పోశాక ఇంకో అర, కూరగాయలు ఉడికేటప్పుడు లోపలికి పట్టడానికి. మిగతాది చివర్లో, రుచి చూస్తూ.

6. వరుసగా వేయడం, పులుపును ఆపడం

నీళ్ళు మరిగాక మొదటి పళ్ళెంలోవి వేయండి. మళ్ళీ మరగగానే మంట తగ్గించండి. అంచుల వెంట చిన్న చిన్న బుడగలు వస్తూ ఉండాలి, అంతే. పెద్ద మంట మీద కుతకుతలాడిస్తే ముక్కలు ఒకదానికొకటి తగిలి చిదురైపోతాయి, సూప్ మసకబారుతుంది. పప్పు వేస్తే దాన్నీ మొదట్లోనే వేసి, నురుగు తీసేయండి. సగం సమయం అయ్యాక రెండో పళ్ళెం, చివరి ఐదు నిమిషాల్లో మూడోది.

ఇక్కడ పెద్ద మెలిక పులుపు. టమాటా, నిమ్మరసం, వెనిగర్ ముందే ఎక్కువగా వేస్తే బంగాళాదుంప, క్యారెట్, పప్పు త్వరగా మెత్తబడవు. కూరగాయల కణాలను పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో తేలిగ్గా కరగదు, అందుకని. దుంపలు ఉడికాయని కత్తిమొనతో గుచ్చి చూసుకున్నాకే టమాటా వేయండి. టమాటానే ప్రధానమైన సూప్‌లో దుంప వేయాలనుకుంటే ముందు దుంపను విడిగా ఉడికించుకోండి. ఆకుకూరలకూ పులుపు పడదు. పచ్చరంగునిచ్చే క్లోరోఫిల్ పులుపు తగిలి ఎక్కువసేపు వేడిమీద ఉంటే ముదురు ఆలివ్ రంగుకు మారిపోతుంది. ఆకు వేసి, ఒకటి రెండు నిమిషాలకు పొయ్యి కట్టేసి, వడ్డించేముందు నిమ్మరసం పిండితే రంగు నిలుస్తుంది.

థైమ్, రోజ్‌మేరీ, బిర్యానీ ఆకు లాంటివి నీళ్ళతోపాటే వేయొచ్చు. కొత్తిమీర, పుదీనా, తులసి జాతి బేసిల్ పొయ్యి మీంచి దింపాకే.

మొదట చెప్పిన సరుకుతో చేసి చూపిస్తాను. క్యాబేజీని ప్రధానం చేద్దాం. ఉల్లిపాయ పది నిమిషాలు మగ్గింది, వెల్లుల్లి, జీలకర్ర పడ్డాయి. లీటరు నీళ్ళు పోసి, కడిగిన ఎర్రపప్పు, క్యారెట్, బంగాళాదుంప వేశాం. పదినిమిషాలు గడిచాక సన్నగా తరిగిన క్యాబేజీ. ఇంకో పదినిమిషాలకు అన్నీ ఒకేసారి ఉడుకుతాయి, పప్పు విడిపోయి నీళ్ళు తమంతట తామే చిక్కబడతాయి. దింపి, ఉప్పు సరిచేసి, నిమ్మరసం పిండి, పైన కాస్త వెన్న, మిరియాల పొడి. మొత్తం నలభై ఐదు నిమిషాల పని.

7. చిక్కదనం

పలచటి సూప్ కావాలంటే ఇది వదిలేయండి. చిక్కగా కావాలంటే అన్నిటికన్నా మంచి పద్ధతి సూప్‌లో మూడోవంతు తీసి రుబ్బి తిరిగి కలపడం. రుచి పలచబడదు, ముక్కలూ మిగులుతాయి. బంగాళాదుంప ఎక్కువున్నప్పుడు బ్లెండర్‌లో ఎక్కువసేపు తిప్పితే పిండిపదార్థం విడిపోయి బంకలా సాగుతుంది, గరిటెతో మెదపడమే నయం. వేడి సూప్‌ను బ్లెండర్‌లో నిండుగా పోయొద్దు. మూడోవంతు మాత్రమే పోసి, మూతలోని చిన్న బిరడా తీసి, ఆ కంత మీద మడిచిన గుడ్డ పెట్టి, తక్కువ వేగంతో మొదలుపెట్టండి. మూత బిగిస్తే ఆవిరి ఒత్తిడికి సూప్ ఎగజిమ్మి చేతులు కాలతాయి.

కార్న్‌ఫ్లోర్ వాడితే లీటరుకు రెండు టేబుల్ స్పూన్లు చల్లటి నీళ్ళలో కలిపి, మరుగుతున్న సూప్‌లో తిప్పుతూ పోసి, నిమిషం ఉడకనివ్వండి. పొడిగా చల్లితే ఉండలు కడుతుంది. ఓట్స్, ఎండిన బ్రెడ్, అన్నం కూడా చిక్కబరుస్తాయి. అన్నం, పాస్తా మాత్రం నిలవున్నకొద్దీ సూప్‌ను పీల్చేసి ఉబ్బిపోతాయి కాబట్టి ఆ పూట తినేంత మేరకే వేసుకోండి.

పాలు, పెరుగు, క్రీమ్ అన్నిటికన్నా చివర. క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ కాబట్టి వేడిని కాస్త తట్టుకుంటుంది. పాలు, పెరుగు మరిగితే విరిగిపోతాయి, పులుపు తోడైతే ఇంకా త్వరగా. ఒక కప్పులో పెరుగు చిలికి, దానిలోకి కొంచెం కొంచెంగా వేడి సూప్ కలిపి, దింపిన గిన్నెలో పోయండి.

కడుపు నిండేలా కావాలంటే గుడ్డు చాలా సులువు. గిలక్కొట్టి, సన్నగా మరుగుతున్న సూప్‌లో ధారగా పోస్తూ ఒకే దిక్కున తిప్పితే పొరలు పొరలుగా కడుతుంది. పచ్చి కోడిమాంసం వేస్తే ముక్క నడిమధ్యలో వేడి 74 డిగ్రీలు చేరాలి. నిన్న వండిన మాంసమైతే చివర్లో వేసి పూర్తిగా వేడెక్కనివ్వండి.

8. రుచి సరిచేయడం

మామూలు సూప్‌కీ మళ్ళీ మళ్ళీ తాగాలనిపించే సూప్‌కీ తేడా ఈ చివరి ఐదు నిమిషాల్లోనే ఉంది. గరిటెతో నేరుగా మరుగుతున్నది నోట్లో పోసుకుంటే నాలుక కాలి రుచే తెలియదు. చిన్న గిన్నెలోకి నాలుగు స్పూన్లు తీసి, తాగే వేడికి వచ్చేదాకా ఆగి రుచి చూడండి.

చప్పగా ఉంటే ముందు ఉప్పు, రెండేసి చిటికెలుగా. ఉప్పు సరిపోయింది, అయినా ఏదో వెలితి ఉందనిపిస్తే ఎక్కువసార్లు కావలసింది పులుపే. ఇంకాస్త ఉప్పు వేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఆ చిన్న గిన్నెలోనే రెండు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. అప్పటిదాకా అణగి ఉన్న క్యారెట్ తీపి, జీలకర్ర వాసన వేటికవి తెలుస్తాయి. బాగుందనిపిస్తే పెద్ద గిన్నెకు లీటరుకు ఒక టీస్పూనుతో మొదలుపెట్టండి. ముందు చిన్న గిన్నెలో ప్రయోగం చేస్తే మొత్తం సూప్‌ను పణంగా పెట్టనక్కర్లేదు.

లోతు లేదనిపిస్తే సోయా సాస్, పుట్టగొడుగులు, గట్టి చీజ్ అంచుముక్క, టమాటా పేస్టులో ఏదో ఒకటి కొంచెం. వీటన్నిటిలో ఉండేది గ్లుటమేట్. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు నుంచి దాన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. మాంసం లేని సూప్‌లకు ఇది మరీ అవసరం. సోయా సాస్‌లో ఉప్పు కూడా ఉందని మర్చిపోకండి. నోట్లో రుచి నిలవకుండా జారిపోతుంటే కాస్త వెన్న గానీ మంచి నూనె గానీ పైన వేయండి.

9. తేడా కొడితే

ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేస్తే అది లాగేస్తుందంటారు. దుంప ఉప్పును ఏరి పీల్చుకోదు, ఉప్పునీటినే పీలుస్తుంది. మిగిలిన సూప్‌లో ఉప్పదనం అంతే ఉంటుంది. ఉప్పులేని నీళ్ళు, ఉడికించిన పప్పు, అన్నం కలిపి పరిమాణం పెంచడమే మార్గం. కారం ఎక్కువైతే క్రీమ్ లేదా పెరుగు. పులుపెక్కువైతే చిటికెడు చక్కెర. అడుగంటితే కదపకుండా, గీకకుండా పైనున్నది వేరే గిన్నెలోకి వంపేయండి. మాడువాసన లేకపోతే అది వాడుకోవచ్చు.

10. నిలవ

మిగిలిన సూప్‌ను పెద్ద గిన్నెలో అలాగే పొయ్యిమీద రాత్రంతా వదిలేయొద్దు. మరిగించినా చావని బాక్టీరియా బీజాలు కొన్ని ఉంటాయి, 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో అవి మళ్ళీ పెరుగుతాయి. లోతు తక్కువున్న పాత్రల్లోకి సర్ది, అవసరమైతే చల్లటి నీళ్ళ పళ్ళెంలో ఉంచి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. తినేటప్పుడు కావలసినంతే తీసి, బాగా మరిగేదాకా వేడిచేయండి.

ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు రుచి చెడదు. క్రీమ్, పాలు కలిపినవి కరిగించినప్పుడు విడిపోతాయి, పాస్తా జావైపోతుంది, బంగాళాదుంప ముక్కలు గుల్లబారతాయి. కాబట్టి ఫ్రీజర్‌కి పంపే భాగాన్ని ఇవి కలపకముందే పక్కకు తీయండి. డబ్బా నిండా పోయకుండా పైన రెండు వేళ్ళ ఖాళీ వదలాలి, గడ్డకట్టేటప్పుడు సూప్ ఉబ్బుతుంది. మూతమీద తేదీ రాయండి, తీసి వేడిచేశాక ఉప్పు, పులుపు మళ్ళీ ఒకసారి చూసుకోండి.